మళ్ళీ మాస్టారి మూడు డిస్కులు

గంగాధరరావు మాస్టారు ఏ మాటా ఒక్కసారి చెప్పరు. బజార్లో రెండుసార్లు చెబుతారు, వయొలిన్ క్లాసులో మూడుసార్లు చెబుతారు. బందరులో ఆయన్ని గంగాధరరావు గారంటే ఎవరికీ తెలీదు. మళ్ళీ మాస్టారంటే రిక్షావాడు కూడా ఈడేపల్లిలో ఆయన గుమ్మం ముందు దింపుతాడు.

ఓసారి అవనిగడ్డ బస్సులో నేనూ ఆయన పక్కనే ఉన్నాను. కండక్టర్ రాగానే "అవనిగడ్డ ఒకటి. అవనిగడ్డ ఒకటి" అన్నారు. కండక్టర్ రెండు టిక్కెట్లు కొట్టాడు.

"ఒక్కటే అన్నానయ్యా. ఒక్కటే అన్నాను."

"అదేనండీ, రెండుసార్లు ఒక్కటన్నారు. రెండోవారు ఎక్కడ కూర్చున్నారు?"

"నేనే. నేనే."

కండక్టర్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి వరిచేలు చూడటం మొదలుపెట్టాను.

హోటల్లో రెండు ప్లేట్ల ఇడ్లీ వచ్చేది. కడుపునొప్పని డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆ కొత్త డాక్టరు కడుపుకి మందు రాసిచ్చి, దాంతోపాటు బెజవాడలో నరాల డాక్టరుకి చీటీ కూడా రాసిచ్చాడు. మాస్టారు ఆ చీటీ నాకు చూపించి, "నరాలెందుకంటావ్ శశీ? నరాలెందుకంటావ్?" అని అడిగారు.

ఇలాంటి మనిషితో నేను వ్యాపారం పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో చెబుతాను.

కోనేరు సెంటర్ దగ్గర నాకో వీడియో కొట్టుండేది. పెళ్ళిళ్ళు తీసేవాణ్ణి, క్యాసెట్లు అద్దెకిచ్చేవాణ్ణి. రెండువేల మూడు వచ్చేసరికి క్యాసెట్లు అడిగేవాడు లేడు. పెళ్ళివాళ్ళేమో, పెళ్ళికూతుర్ని తామరపువ్వులోంచి పైకి లేపే కంప్యూటరున్న కొత్త స్టూడియోకి పోతున్నారు. ఆ రోజుల్లోనే బెజవాడలో సీడీల హోల్‌సేల్ వ్యాపారి చిన్నబాబు కబురు పెట్టాడు. "సంగీతం నేర్పే వీడియోలకి గిరాకీ ఉంది బావా. మీ బందర్లో మంచి వయొలిన్ మాస్టార్ని పట్టుకో. సరళీ స్వరాల నుంచి గీతాల దాకా తియ్యి. అమ్మే పూచీ నాది" అన్నాడు. మునిగేవాడికి తాడు దొరికినట్టయింది. తాడు అవతలి కొస మాస్టారి చేతిలో ఉంటుందని అప్పుడు తట్టలేదు.

మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోవడమూ రెండుసార్లు ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు పెట్టారు. "నేర్చుకునేవాడు ఎవర్నీ ఏమీ అడక్కూడదు శశీ. ఎవర్నీ ఏమీ అడక్కూడదు. అలాంటి దాంట్లో తియ్యి."

ఇదేం షరతో అర్థం కాలేదు గానీ సరేనన్నాను. ముందు ఒక పాఠం నమూనాగా తీసి వీడియో క్యాసెట్లో చూపించాను. ఒక స్వరం అయిపోగానే ఆయన, "ఇది మళ్ళీ వినాలంటే?" అన్నారు.

"వెనక్కి తిప్పుకోవాలండీ. ఇదిగో, ఈ బటన్."

"తిప్పడం రాకపోతే? తిప్పడం రాకపోతే?"

"ఇంట్లో ఎవర్నైనా అడుగుతారు."

"అదిగో, అడిగాడుగా. అడిగాడుగా!"

అయినా పరీక్ష మానలేదు. ఆయనకి నచ్చిన చోటుకే పదే పదే తిప్పించారు. సాయంత్రానికి సరిగ్గా ఆ ముక్క మీదే టేపు నలిగి, మిషన్ లోపల జంతికల్లా చుట్టుకుపోయింది. నేను టేపు లాగుతుంటే ఆయన తల పంకిస్తూ, "ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అరిగిపోతుందన్నమాట" అని నిట్టూర్చారు. రెండుసార్లు నిట్టూర్చారు.

తరవాత డీవీడీ. గుడివాడలో మా తోడల్లుడు కొత్త ప్లేయర్ కొన్నాడంటే బతిమాలి బందరు తెచ్చాను. బొమ్మ అద్దంలా ఉంది, ఏ పాఠం కావాలంటే ఆ పాఠానికి దూకొచ్చు. డిస్కు పెట్టగానే తెర మీద ఇంగ్లీషులో నాలుగు పేర్లు వచ్చి ఆగిపోయింది.

"ఆగిందేం? ఆగిందేం?"

"ఏది కావాలో మనం చెప్పాలండీ."

"చదవడం రాకపోతే?"

నాకు అప్పటికే తెలిసిపోయింది. "ఎవర్నైనా అడగాలండీ" అని నేనే చెప్పి, ప్లేయర్ని అట్టపెట్టెలో పెట్టేశాను.

ఇక మిగిలింది వీసీడీ. దివిసీమలో ఊరూరా చైనా ప్లేయర్లున్నాయి. డిస్కు పెట్టి మూత వేస్తే చాలు, దానంతట అదే మొదలవుతుంది. నేను పెట్టిన డిస్కు మీద గీతలున్నాయి కాబోలు, కాసేపటికి ఆగిపోయి "సరి సరి సరి సరి" అని కొట్టుకోవడం మొదలెట్టింది. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"శశీ! ఇది అడక్కుండానే మళ్ళీ చెప్తోంది! అడక్కుండానే!"

"అది పాడైపోయిందండీ!"

"పాడైతేనే ఇంత బాగుందే! ఇదే ఖాయం. ఇదే ఖాయం."

షూటింగు మాస్టారి ఇంటి వసారాలో పెట్టాం. మాస్టారు వయొలిన్ కమాను తీసి ప్రతి స్వరం మూడుసార్లు వాయించారు, ప్రతి మాటా మూడుసార్లు చెప్పారు. సరళీ స్వరాలంటే ఓర్చుకున్నాను. జంట స్వరాలు వచ్చేసరికి ప్రాణం విసిగింది. అవి అసలే 'సస రిరి గగ' అని జంటలు జంటలుగా ఉంటాయి. వాటిని మూడుసార్లంటే ఏమవుతుందో లెక్క వేసుకోండి. పాలవాడు వచ్చి వెళ్ళాడు, కరెంటు పోయి వచ్చింది, మాస్టారు ఇంకా రిషభం దగ్గరే ఉన్నారు.

అంతా అయ్యాక చూస్తే మూడు డిస్కులు వచ్చాయి. చిన్నబాబు ఫోన్లో కేకలు వేశాడు. "సినిమాకే రెండో డిస్కు మార్చలేక జనం చస్తున్నారు, సరిగమలకి మూడా? ఒక్క డిస్కులో పడితే తీసుకుంటా. లేకపోతే నీ కొట్లోనే పెట్టుకో."

దాంతో నేను కూర్చుని మళ్ళీ చెప్పినవన్నీ కత్తిరించేశాను. మూడు డిస్కులు ముచ్చటగా ఒక్కటయ్యాయి. అది పట్టుకెళ్ళి మాస్టారికి చూపించాను. ఆయన చివరిదాకా చూశారు. మొహం పాలిపోయింది.

"మిగతాది ఏది?"

"అదంతా చెప్పిందే చెప్పడం కదండీ. తీసేశాను."

"అయితే వెంకటరమణ అడగాల్సొస్తుందిగా" అన్నారు.

ఆ మాట ఒక్కసారే అన్నారు. నాకు భయమేసింది.

"వెంకటరమణ ఎవరండీ?"

మాస్టారు వీధి తలుపు దగ్గరగా వేసొచ్చి గొంతు తగ్గించారు. వెంకటరమణ హంసలదీవి వైపు చేపల వ్యాపారి. పిల్లల తండ్రి. ఏదో ఉత్సవంలో వయొలిన్ విని మనసు పారేసుకుని, కొన్నేళ్ళ కిందట అవనిగడ్డలో మాస్టారి ఆదివారం క్లాసుకొచ్చాడు. మిగతావాళ్ళంతా గౌన్లూ నిక్కర్లూ వేసుకునే పిల్లలు. వాళ్ళకి ఒక్కసారి చెబితే వచ్చేసేది. వెంకటరమణకి వచ్చేది కాదు. అంత మనిషి పిల్లల ముందు "మళ్ళీ చెప్పండి" అనడానికి సిగ్గుపడి, తలొంచుకుని కమాను వైపు చూస్తూ కూర్చునేవాడు. ఒక ఆదివారం రానే లేదు.

"ఇక మానేస్తాడనిపించింది. ఆ తర్వాత వారం వచ్చాడు. అప్పట్నుంచి అడక్కుండానే మూడేసి సార్లు చెప్పడం మొదలెట్టాను."

"బాగానే ఉంది. మరి బస్సులో ఎందుకండీ? హోటల్లో ఎందుకు?"

"క్లాసులోనే చెప్తే పిల్లలు పట్టేస్తారు శశీ. ఈయన కోసమే మాస్టారు చెప్తున్నారని నవ్వుతారు. బస్సులో వాళ్ళ అమ్మానాన్నలుంటారు. హోటల్లో ఎవరో ఒకరుంటారు. అందుకని అన్నిచోట్లా మొదలెట్టాను. నా తీరే అంత అనుకుంటారని. అనుకున్నారు. తర్వాత అది అలవాటై కూర్చుంది. ఇప్పుడు పొమ్మన్నా పోదు. పొమ్మన్నా పోదు."

వంటింట్లోంచి మాస్టారి భార్య భానుమతి పిన్నిగారు కేకేశారు. "మరి ఇంట్లో ఎందుకుటండీ? ఉప్పు తక్కువైందని రెండుసార్లు చెప్తారు, ఈ ఇంట్లో ఏ వెంకటరమణ ఉన్నాడని?"

నాకు నవ్వాలో జుట్టు పీక్కోవాలో తెలియలేదు. ఆ వెంకటరమణనే కలిసి తేల్చుకుందామని ఆ తర్వాతి ఆదివారం అవనిగడ్డ వెళ్ళాను. క్లాసు గుమ్మంలో నిలబడి చూశాను. ద్వారబంధమంత మనిషి, చాప మీద పిల్లల మధ్య మఠం వేసుకుని కూర్చున్నాడు. మాస్టారు చెప్పినప్పుడు మొదటిసారి ఊరుకున్నాడు, రెండోసారి తప్పు వాయించాడు, మూడోసారి బ్రహ్మాండంగా వాయించాడు. మాస్టారి మొహం వెలిగిపోయింది.

క్లాసయ్యాక బస్టాండు దగ్గర పట్టుకున్నాను. రహస్యం బయటపెట్టకుండా, "వీడియోలో మాస్టారు ఒక్కొక్కటి ఒక్కసారే చెప్తే మీకేమైనా ఇబ్బందా?" అని అడిగాను.

వెంకటరమణ చుట్టూ చూసి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"మీకు చెప్పేశారాండి?"

"ఏం చెప్పారు?"

"ఆ మళ్ళీ మళ్ళీ చెప్పేది నా కోసమేనని. నాకు మొదట్లోనే తెలుసండి. నేనొచ్చిన కొత్తలో ఆయన ఒక్కసారే చెప్పేవోరు."

"మరి ఇప్పటికీ మూడోసారికి గానీ రావట్లేదా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "అబ్బే! ఇప్పుడు మొదటిసారికే వచ్చేస్తందండి. ఎప్పట్నుంచో."

"ఆ మాట ఆయనకి చెప్పొచ్చుగా మహానుభావా!"

"అమ్మో, ఎలా చెప్పమంటారండి? నా కోసం ఊరందరి చేతా నవ్వించుకున్న మనిషి. ఇప్పుడు అక్కర్లేదంటే చిన్నబుచ్చుకోరూ? అందుకనే మూడోసారి దాకా ఆగుతానండి. రెండోసారి కావాలని ఒకటో రెండో తప్పులు కూడా వాయిస్తాను. మీరు చూశారుగా, బాగా వచ్చినియ్యా?"

తప్పులు బాగా వచ్చాయా అని అడుగుతున్నాడు నన్ను!

నాకు కళ్ళు తిరిగాయి. ఒకాయన అక్కర్లేకుండా మూడుసార్లు చెబుతున్నాడు. ఇంకొకాయన అక్కర్లేకుండా తప్పులు వాయిస్తున్నాడు. ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా వీళ్ళిద్దరూ హాయిగా ఉన్నారు. నడుమ నా కొట్టు మూతపడుతోంది. ఈ విషయం మాస్టారితో అనొద్దని వెంకటరమణ నా చేత ఒట్టేయించుకున్నాడు. వెంకటరమణతో అనొద్దని మాస్టారు అంతకుముందే వేయించుకున్నారు. రెండు ఒట్లూ మోసుకుంటూ బందరు బస్సెక్కాను.

దారి పొడుగునా చిన్నబాబుని తలుచుకున్నాను, ఆ ఒక్క డిస్కుని తలుచుకున్నాను. చల్లపల్లి దాటేసరికి మాస్టార్నీ వెంకటరమణనీ తిట్టుకోవడం అయిపోయింది. ఇంటికొచ్చాక, వాళ్ళిద్దరి మధ్యా కత్తెర పెట్టడానికి మనసొప్పక, కత్తిరించినవన్నీ మళ్ళీ అతికించాను. మూడు డిస్కులూ చూసి చిన్నబాబు దణ్ణం పెట్టాడు, తీసుకోలేదు. చేసేది లేక నేనే నా కొట్లో అమ్మకానికి పెట్టాను.

కొన్నవాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి తేవడం మొదలెట్టారు. "ఏవండీ, సీడీ స్టక్ అవుతోంది. చెప్పిందే చెప్తోంది." ఒకాయన ఉయ్యూరు నుంచి వచ్చాడు, డిస్కుని సబ్బుతో కడిగానని కూడా చెప్పాడు. పొద్దస్తమానం ఇదే సంజాయిషీ. చివరికి విసుగొచ్చి అట్ట మీద స్టిక్కరు వేయించాను. 'డిస్కు బాగానే ఉంది. మాస్టారు అలాగే చెబుతారు.'

మాస్టారు అది చూసి, "ఒక్కసారే వేయించావేం?" అన్నారు.

చిత్రమేమిటంటే, ఆ స్టిక్కరు పడ్డాకే అమ్మకాలు అందుకున్నాయి. కొనేవాళ్ళలో పిల్లల తల్లిదండ్రులు తక్కువ. రిటైరైన గుమస్తాలు, పిల్లలు కాలేజీకెళ్ళిపోయిన గృహిణులు, అరటిపళ్ళ వ్యాపారులు. అందరూ "మా అబ్బాయికండీ", "మా మేనకోడలికండీ" అనేవాళ్ళే. ఎవర్నీ అడగలేక ఇన్నాళ్ళూ ఊరుకున్న జనం ఈ డెల్టాలో ఇంతమంది ఉన్నారా అనిపించింది.

ఒకరోజు చల్లపల్లి నుంచి నెరిసిన మీసాలాయన వచ్చాడు. అటూ ఇటూ చూసి, "అడక్కుండా మళ్ళీ చెప్పే సీడీలు మీ దగ్గరేనాండీ? మా మనవరాలికి" అన్నాడు. ఎడమచేతి వేళ్ళ కొసల మీద తీగల గాట్లు ఎర్రగా ఉన్నాయి. నాకు జాలేసింది. ఎలా పెట్టాలో ఆయన అడగలేడనిపించి నేనే చెప్పాను. "ఈ మెరిసేవైపు కిందికి రావాలండీ. మూత వేస్తే అదే మొదలవుతుంది." మొహం చూస్తే అర్థమైనట్టు లేదు. అందుకని మళ్ళీ చెప్పాను. పేరు పైకి, మెరుపు కిందికి, మూత వేస్తే చాలని మూడోసారి కూడా, ఎంతో మృదువుగా, చెప్పబోయాను.

"అర్థమైందండీ బాబూ" అన్నాడాయన, సీడీలు సంచీలో వేసుకుంటూ. "నేను టీవీ మెకానిక్‌ని."