రామతీర్థం అవుట్‌డోర్‌లో రత్నం గొంతు

1968 చలికాలంలో నన్ను సహాయ శబ్దగ్రాహకుడిగా రామతీర్థం అవుట్‌డోర్ యూనిట్‌కు పంపారు. అక్కడ మేము పట్టేది పైలట్ ట్రాక్. కెమెరా రొద కూడా పడుతుంది కనుక, మద్రాసులో డబ్బింగ్ చెప్పేటప్పుడు ఆధారంగా మాత్రమే అది పనికొస్తుంది.

రెండో కథానాయిక రత్నం కోటబొమ్మాళి అమ్మాయి. నాటకాల్లో పేరు తెచ్చుకుని మొదటిసారి సినిమాకు వచ్చింది. ఆ ప్రాంతపు యాస పనికిరాదని, ఆమెకు వేరే గొంతు పెట్టాలని దర్శకుడు ముందే నిర్ణయించారు. సెట్లోనూ పుస్తక భాషే పలకమన్నారు. ఆ రోజు సీనులో ఆమె భూమి పోయిన రైతు భార్య; జమీందారు కూతురిని వేడుకోవాలి. ఆ కూతురి వేషం పెద్ద హీరోయిన్‌ది.

టేకు మీద టేకు పోయింది. ముడిఫిల్ము కరువు రోజులవి. పెద్ద హీరోయిన్ విసుగ్గా గొడుగు కింద ఉన్న దర్శకుడి దగ్గరకు వెళ్లి, "ఆ పిల్ల నాతో మాట్లాడటం లేదండీ, పాఠం అప్పజెబుతోంది. ఇంకెవరినైనా పిలిపించండి" అన్నారు. ప్రొడక్షన్ మేనేజరు రత్నాన్ని ఇంటికి పంపడానికి కారు చెప్పేశాడు.

రత్నం నేరుగా దర్శకుడి దగ్గరకు వచ్చింది. "ఒక్కపాలి నా మాటల్లో సెప్పనీండి బాబూ. బాగోపోతే నానే ఎల్లిపోతాను."

ఆయన సరేనన్నారు. ఆమె బెదరకూడదని క్లాప్ ముందు కొట్టవద్దన్నారు. అలాంటప్పుడు షాట్ చివర బోర్డును తలకిందులుగా పట్టి కొడతారు. నేను టేపు ఆన్ చేశాను.

"ఈ మడిలో మా మావ ఊపిరున్నాదమ్మా. పంట పట్టుకుపోండి. మడి మటుకు ఒగ్గీండి."

ఆ గొంతు వినగానే హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకున్నాను. సీను ప్రకారం పెద్ద హీరోయిన్ ముఖం తిప్పుకుని వెళ్లిపోవాలి. వెళ్లలేదు. కాళ్ల మీద పడిన రత్నంతో కాగితంలో లేని మాట అన్నారు: "లే. నా కాళ్లు పట్టుకోకు." దర్శకుడు కట్ చెప్పడం కూడా మరిచిపోయారు.

తేరుకున్నాక పెద్ద హీరోయిన్ ఇంకో టేకు అడిగారు. "ఆ పిల్ల ముందు నేను తేలిపోయాను." దర్శకుడు ఒప్పుకోలేదు. ఆమె వెంటనే కారెక్కారు. మర్నాడు షూటింగ్‌కు రారనే అనుకున్నాం.

తెల్లవారి అందరికంటే ముందే వచ్చారు. మేకప్ కూడా వేసుకోకుండా రత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "ఇవాళ్టి సీను చెప్పుకుందాం. నీ భాషలోనే చెప్పు."

"మీరు తగ్గకండమ్మా, నానూ తగ్గను" అంది రత్నం.

ఆ తర్వాత ప్రతి సీనూ పోటాపోటీగా సాగింది. పని లేని లైట్‌మెన్ సైతం వచ్చి నిలబడి చూసేవారు. దర్శకుడు వేరే గొంతు ఆలోచన మానుకున్నారు; మద్రాసులో రత్నం తన డబ్బింగ్ తనే చెప్పుకుంది.

నటికి గొంతు మార్చాలని ఎవరన్నా, ముందు ఆమె సొంత మాటల్లో ఒక రిహార్సల్ రికార్డు చేసి వినిపించడం నాకు అప్పటినుంచి పద్ధతయింది. లోపం గొంతులో ఉందో, రాసిన మాటలో ఉందో వింటేనే తేలుతుంది.