స్క్రాంబ్లర్ తీయించిన పెద్దమనిషి

రాప్తాడు దగ్గర హైవే పక్కన మా స్టూడియో. అక్కడ ఒక టీచరమ్మ చెప్పే లెక్కల పాఠాలు ఉపగ్రహం మీదుగా గోరంట్ల, యాడికి ఊళ్ల వైపు బడులకు ప్రత్యక్షంగా వెళ్లేవి. పాఠాన్ని పంపే, అందుకునే మోడెములు చూసుకోవడం నా పని. మా యజమాని ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపిన పెద్దమనిషి. ఆ కేబుల్ తెలివితోనే ఆకాశాన్నీ ఏలేస్తానని ఆయన నమ్మకం.

ఒకరోజు నా వెనక నిలబడి మోడెం తెరమీద 'స్క్రాంబ్లర్ ఆన్' అని చదివాడు.

"ఏమప్పా, ఉచితంగా ఇస్తాండే పాఠానికి తాళమెందుకు? తీసేయ్."

"అది తాళం కాదన్నా" అన్నాను. విడమరిచి చెప్పాను కూడా, నా ఖర్మ. ఉపగ్రహం నుంచి వచ్చేవి సున్నాలూ ఒకట్లూ. అవి మారుతూ ఉంటేనే అందుకునే మోడెముకు లయ దొరుకుతుంది. వరసగా సున్నాలే వస్తే ఎక్కడున్నదీ తెలియక అది దారి తప్పుతుంది. అందుకే పంపేముందు ఒక ఖాయమైన వరసతో వాటిని తారుమారు చేస్తాం. అందుకున్నచోట అదే వరసతో మళ్లీ తారుమారు చేస్తే అసలు పాఠం బయటపడుతుంది. ఆ వరస అందరికీ తెలిసిందే, అందులో దాచేదేమీ లేదు.

"నాకే చెప్తాండావా? దుడ్లు కట్టనోళ్లకు చానళ్లు కనపడకుండా స్క్రాంబుల్ చేసినోణ్ణి నేను" అన్నాడు. ఇక ఆ బుర్రకు ఏమెక్కుతుంది? బడుల్లో మోడెములతో సహా అన్నిటికీ స్క్రాంబ్లర్ తీయించాడు.

టీచరమ్మ మాట్లాడుతున్నంతసేపూ పాఠం బాగానే వెళ్లింది. ఆమెకో అలవాటుంది. బోర్డు మీద లెక్క వేసి, "మీరు చేయండి, నేను కాచుకోనుంటా" అని చేతులు కట్టుకుని నిలబడేది. పిల్లలకు లెక్కలు వచ్చింది ఆ కాసేపట్లోనే. కానీ కదలని బొమ్మకు, మాటలేని గదికి పంపాల్సిన సమాచారం తక్కువ. మిగిలిన జాగాను మా యంత్రం సున్నాలతో నింపేది. సరిగ్గా పిల్లలు పెన్సిలు పట్టే వేళకు బడుల్లో తెరలు నల్లబడేవి.

స్క్రాంబ్లర్ పెడదామని మొత్తుకున్నాను. ఆ మహానుభావుడు స్టూడియోలోకి పోయి ఆమెనే తగులుకున్నాడు.

"ఏమ్మా, నువ్వు నోరు మూస్తే లైను పోతాండాది. ఆపకుండా మాట్లాడు. లేదంటే వేరే మనిషిని చూసుకుంటాం."

ఆమెకు ఉద్యోగం కావాలి. ప్రశ్న అడిగిన ఊపిరిలోనే జవాబూ చెప్పడం మొదలుపెట్టింది. తెర నల్లబడలేదు. ఆయన మీసం మెలేసి, "చూసినావా, మనిషిని సరిచేస్తే మెషీను దానంతటదే దారికొచ్చె" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకు మోడెములు అమ్మిన కంపెనీ మనిషి వచ్చి నేను చెప్పిందే చెప్పాడు. కోటు వేసుకుని చెప్పాడు గనక అది జ్ఞానమైంది. యజమాని అన్నిచోట్లా స్క్రాంబ్లర్ తిరిగి పెట్టించి, తానే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పుకున్నాడు, సిగ్గులేని మనిషి.

నేను పరుగున పోయి టీచరమ్మకు చెప్పాను.

"ఇంక మీరు ఎంతసేపైనా కాచుకోవచ్చు మేడం."

ఆమె నవ్వింది. పాఠం మొదలయ్యాక బోర్డు మీద లెక్క వేసి చేతులు కట్టుకుంది. కళ్లు ఒకసారి యజమాని వచ్చిన తలుపు వైపు పోయాయి. వెంటనే జవాబు తానే చెప్పేసింది.