ఇంటి పెద్ద పేరు

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. నేను బి.ఏ. ముగించి నరసరావుపేటలో ఇంటి పట్టున ఉన్నాను. ఆడవాళ్ళ పనుల మీద పరిశోధన చేస్తున్న ఒక యూనివర్సిటీ మేడం, మాచర్ల దగ్గరి క్వారీ పల్లెల్లో ఫారాలు నింపడానికి ఒక అమ్మాయి కావాలన్నారు. కాలేజీలో నా పేరు చెప్పారట. కొత్తవాళ్ళతో నాలుగు మాటలు ఆడలేనిదాన్ని. రోజూ డైరీ రాయడం వల్ల చేతిరాత బాగుండేది. అది చూసే నన్ను తీసుకున్నారు.

ఫారంలో మొదటి గడి ఇంటి పెద్ద పేరు. ఆ పల్లెల్లో పెళ్ళయిన ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. అడిగితే నవ్వి, పక్కింటామెను పిలిచి చెప్పించేవారు. పేరు చెప్పడానికి వచ్చినామె ఇక కదిలేది కాదు. ఎవరితోనైనా ఒంటరిగానే మాట్లాడాలని మేడం చెప్పినా, ఆవిణ్ణి పొమ్మనడానికి నాకు నోరు వచ్చేది కాదు.

మూడో రోజు, నాపరాళ్ళ క్వారీలో ముక్కలు మోసే ఒకామె ఇంటికి వెళ్ళాను. ఆమె కూడా గడపలోంచి కేకేసింది.

"వదినా, ఇటు రా. మీ తమ్ముడి పేరు చెప్పు ఈ అమ్మాయికి."

పక్కింటామె వచ్చి పేరు చెప్పి, చతికిలబడింది. "పేరైతే చెప్పా. మనిషెక్కడున్నాడో మాత్రం నన్నడగమాక. కృష్ణ దాటిపోయి ఆరేళ్ళాయె. ఆడెవత్తెతోనో కాపరం పెట్టాడంట."

"పేరు చెప్పమంటే చరిత్ర చెప్తావేంది? పో వదినా, నీ పప్పు మాడుద్ది."

"పప్పు ఇంకా పొయ్యెక్కలా."

ఆ ఇంటామె నా వైపు జరిగి గొంతు తగ్గించింది. "పనికి పోయాడని రాయమ్మా. మా పెద్దపిల్లకు గురజాల సంబంధం వచ్చింది. వాళ్ళకి అట్టాగే చెప్పాం. నోటి మాటైతే కాదని బుకాయిస్తా. కాయితం మీద ఎక్కితే ఏం చేస్తా?"

ఆమె చెప్పినట్టే రాశాను. మిగతా ప్రశ్నలకు ఆమె జవాబు ఒక్కటే. బియ్యం తెచ్చేదెవరు, పిల్లల్ని బడికి పంపేదెవరు, ఇల్లు కప్పించిందెవరు? నేనే, నేనే, నేనే.

సాయంత్రం మేడం ఆ ఫారం చూసి, "ఇంటి పెద్ద ఆయనైతే ఈ పనులన్నీ ఈమెవెలా అయ్యాయి?" అన్నారు. జరిగింది చెప్పాను.

"ఇలాంటి వాళ్ళు కాగితం మీద కనపడాలనే కదా మనం వచ్చింది. పేర్లు బయటికి పోవని చెప్పు. ఆమె సరేనంటేనే మార్చు."

పక్కవాళ్ళు ముందే వచ్చి కూర్చోకుండా, ఇక నుంచి పేరు చివర అడుగుదామని కూడా ఆ రోజే చెప్పగలిగాను. మేడం ఒప్పుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళకు క్వారీకి వెళ్ళాను. పక్కింటామె లేదు. పేర్చిన నాపరాళ్ళ నీడలో ఆమె టిఫిన్ డబ్బా విప్పుతోంది. మేడం మాటలన్నీ చెప్పాను. కొత్త మనిషితో నేనంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"నా పేరు రాస్తే ఆయన్ని కొట్టేస్తారా?"

"ఆ గడిలో ఒక్కరికే చోటుందండీ."

ఆమె ఒక ముద్ద తిని, చేతికంటిన మెతుకులు దులుపుకుంది. "ఆరేళ్ళ బట్టి ఇల్లు నేనే లాగుతున్నా. అందులో అబద్ధం లేదు. అయినా పిల్ల పెళ్ళయ్యేదాకా ఆయన్ని ఉండనీ. ఆ తర్వాత వచ్చి నా పేరు రాసుకో."

ఆ మాట మేడంకు చెప్పాను. "అప్పటికి మన లెక్క ముగిసిపోతుంది," అన్నారు. దిద్దలేదు. మగవాళ్ళు పెద్దలుగా ఉన్న ఇళ్ళ కట్టలో దాన్ని పెట్టమన్నారు. పెట్టి, తాడు బిగించాను.