మా కోడలికి నేను వేయించని ఇంజక్షన్

ఆ రోజు మా కోడలు భవాని రాట్నం దగ్గర కండెలు చుడుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేసింది. "అత్తయ్యగారూ, నడుం లాగేస్తోందండి" అంది. అప్పటికి దానికి నాలుగో నెల. నేను మగ్గం దగ్గరే ఉండి, "పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నావు, కాస్సేపు నడుం వాల్చమ్మా" అన్నాను. లేచి నాలుగడుగులు వేసిందో లేదో, గచ్చు మీద రక్తం కనిపించింది.

మాది బండారులంక, నేతపని చేసే ఇల్లు. మా ఇంట్లో ఐదో నెల వచ్చేదాకా కడుపు సంగతి బయటపెట్టం. దిష్టి తగులుతుందని మా అత్తగారు నాకు చెప్పింది, నేను నా కోడలికి చెప్పాను. నీళ్ళోసుకున్న సంగతే చెప్పనిదాన్ని, పోయిన సంగతి ఎలా తెలియనిస్తాను? పెళ్ళయి ఏడాది తిరగలేదు. 'కడుపు నిలవని పిల్ల' అని ఒకసారి పేరు పడిందంటే చచ్చేదాకా వదలదు. మా వీధిలో నోళ్ళకి మూతలు లేవు మరి.

పక్కనే అమలాపురం ఉంది. అక్కడ ఏ ఆసుపత్రి గుమ్మంలో చూసినా మా ఊరివాళ్ళే తగులుతారని, రక్తం పోతున్న పిల్లని ఆటోలో రాజోలు దాకా తీసుకెళ్ళాను. మా అబ్బాయి చీరల మూట పట్టుకుని రాజమండ్రి వెళ్ళి ఉన్నాడు. దారి పొడుగునా అది నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. దారిలో పిల్లకేమన్నా అయ్యుంటే?

అక్కడి నర్సింగ్ హోమ్‌లో డి అండ్ సి చేసి కడుపు శుభ్రం చేశారు. ఆ తర్వాత డాక్టరుగారు బయటికొచ్చి నాతో చెప్పారు. "అమ్మా, మీ కోడలిది బి నెగెటివ్ గ్రూపు. మూడు రోజుల్లోపు యాంటీ-డి ఇంజక్షన్ పడాలి. మా దగ్గర స్టాక్ అయిపోయింది, రేపొస్తుంది. రేపు తీసుకురండి, లేదంటే మీకు దగ్గర్లో ఎక్కడైనా వేయించండి. మర్చిపోకండి, తర్వాతి కాన్పుకి ఇది ముఖ్యం." చీటీ రాసి చేతికిచ్చారు. భవాని లోపల మత్తులో ఉంది. "ఆయ్, అలాగేనండి" అన్నాను.

విన్నాను గానీ బుర్రకెక్కించుకోలేదు. బలానికి రాసే ఇంజక్షన్ కాబోలు అనుకున్నాను. పాలూ గుడ్లూ పెడితే రాని బలం సూదితో వస్తుందా అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. పైగా మళ్ళీ వెళితే ఎవరో ఒకరు చూస్తారు, చీటీ ఇంట్లో ఉంటే ఎవరి కంటైనా పడుతుంది. మర్నాడు దాన్ని నాలుగు ముక్కలు చేసి కాలవలో పడేసి వచ్చాను. భవానికి ఇంజక్షన్ మాటే చెప్పలేదు. ఎంత తెలివైనదాన్నో చూడండి!

మరుసటి ఏడు భవానికి మళ్ళీ నెల తప్పింది. ఈసారి ధైర్యంగా అమలాపురంలోనే ఒక డాక్టరమ్మగారికి చూపించాం. "ఇది మొదటి ప్రెగ్నెన్సీయేనా?" అని ఆవిడ భవానిని అడిగారు. అది నోరు తెరిచేలోపే నేను "ఆయ్, మొదటిదేనండి" అన్నాను. భవాని నా వంక ఒకసారి చూసి తల దించుకుంది.

రక్తపరీక్షలు రాశారు. రిపోర్టు చూసి మళ్ళీ చేయించమన్నారు. రెండోది కూడా చూశాక నర్సుని బయటికి పంపించి తలుపు వేయించారు. "నెగెటివ్ గ్రూపు. ఐసీటీ పాజిటివ్, యాంటీబాడీస్ టైటర్ కూడా ఎక్కువగానే ఉంది. ఎప్పుడైనా రక్తం ఎక్కించేరా?"

"లేదండి."

"మరి మొదటి కాన్పంటున్నారు, ఒంట్లో యాంటీబాడీస్ ఎక్కడినుంచొచ్చేయి?"

భవాని మెల్లిగా చెప్పింది. "నాలుగో నెలలో ఒకటి పోయిందండి. మేం చెప్పలేదు."

డాక్టరమ్మగారు పెన్ను కింద పెట్టేశారు. "అప్పుడు యాంటీ-డి ఇంజక్షన్ వేయించుకున్నావా?"

భవాని నా వైపు తిరిగింది. "ఏ ఇంజక్షనండి, అత్తయ్యగారూ?"

ఇంకా దాచి ఎవరిని ఉద్ధరించాలి? ఉన్నదున్నట్టు చెప్పేశాను. చీటీ సంగతీ, కాలవ సంగతీ అన్నీ. చెబుతూ ఉంటే నా మాటలు నాకే ఎవరో పరాయి మనిషి మాట్లాడుతున్నట్టు వినిపించాయి.

డాక్టరమ్మగారు కేకలేస్తే బాగుండుననిపించింది. వెయ్యలేదు. విడమరిచి చెప్పారు. తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పులోనో కడుపు పోయినప్పుడో బిడ్డ రక్తం కాస్త తల్లి ఒంట్లోకి చేరుతుందట. తల్లి ఒళ్ళు దాన్ని పగవాడనుకుని ఆయుధాలు తయారుచేసుకుంటుందట, యాంటీబాడీస్ అంటే అవేనట. తర్వాత కడుపున పడ్డ బిడ్డది పాజిటివ్ అయితే ఆ బిడ్డ రక్తాన్ని అవి విరగ్గొట్టేస్తాయట. అవి తయారవకుండా ముందే ఆపేది ఆ ఇంజక్షన్.

"ఇప్పుడు వేయించేస్తానండి! ఎక్కడ దొరికినా సరే తెప్పిస్తాం" అని లేచి నిలబడ్డాను.

"చేతులు కాలేక ఆకులు పట్టుకుంటే ఏం లాభమమ్మా? యాంటీబాడీస్ వచ్చేసేక ఈ ఇంజక్షన్ పనిచెయ్యదు. ఈ కాన్పుకీ పనిచెయ్యదు, ఇంకెప్పటికీ పనిచెయ్యదు."

"బిడ్డ దక్కుతుందాండి?"

"దక్కించుకుందాం. ఇప్పటినుంచి మాత్రం ఒక్కటి కూడా దాచకండి."

ఆ రాత్రి మా అబ్బాయి నా ముందుకొచ్చి, "ఆ ఇంజక్షన్ సంగతి నాకైనా చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు. మావారైతే మొహం చూడడం మానేశారు. భవాని నెల్లాళ్ళు నాతో ఊ అంటే ఊ, ఆ అంటే ఆ. ఒకరోజు ఉండబట్టలేక, "నాలుగు తిట్టవే తల్లీ, పడతాను" అన్నాను. "తిడితే మీకు తేలిగ్గా ఉంటుందండి. నాకేం ఉంటుంది?" అంది.

డాక్టరమ్మగారు మమ్మల్ని విశాఖపట్నంలో కడుపులో బిడ్డలకి వైద్యం చేసే డాక్టరుగారి దగ్గరికి పంపించారు. వారం పది రోజులకోసారి డాప్లర్ స్కాన్. బిడ్డ తలలో రక్తం ఎంత జోరుగా పారుతుందో చూస్తారు. జోరు పెరిగిందంటే బిడ్డకి రక్తం తగ్గిపోతోందని అర్థమట. ఏడో నెలలో జోరు పెరిగింది. "ఇంక ఆగలేం. కడుపులో ఉండగానే రక్తం ఎక్కించాలి" అన్నారు. విన్నది నిజమేనా అని మళ్ళీ అడిగాను. కడుపులో బిడ్డకి రక్తమా! నిజమే. స్కాన్‌లో చూస్తూ తల్లి పొట్టలోంచి బొడ్డుతాడులోకి సూది పంపి ఓ-నెగెటివ్ గ్రూపు రక్తం ఎక్కించారు. మూడు వారాలకి మళ్ళీ ఎక్కించారు. ఆ రెండోసారి మధ్యలో బిడ్డ గుండె నెమ్మదించిందని నర్సు పరుగెత్తుకుంటూ వెళ్ళడం చూశాను. మొక్కడానికి దేవుడి పేరొక్కటీ గుర్తు రాలేదు. "నన్ను తీసుకుపో, నన్ను తీసుకుపో" అని మాత్రం అనుకుంటూ కూర్చున్నాను. కాస్సేపటికి గుండె మళ్ళీ సర్దుకుంది.

నెలలు పూర్తిగా నిండకుండానే ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. పసుపు ముద్దలా ఉంది. కామెర్లని పసిపిల్లల ఎన్.ఐ.సి.యు.లో లైట్ల కింద పెట్టారు. ఒకసారి ఒంట్లో రక్తం తీసేసి కొత్తది ఎక్కించారు. రెండో నెలలో మళ్ళీ కొంచెం ఎక్కించారు. పిల్లని మొదటిసారి నా చేతుల్లో పెట్టింది భవానే. "పట్టుకోండి, అత్తయ్యగారూ" అంది. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు పిల్లకి ఏడాదిన్నర. కామెర్లకి చెవులు దెబ్బతింటాయేమో అన్నారు గానీ బాగానే వినిపిస్తోంది, నడక బాగుంది, నోరు మాత్రం నాదే వచ్చిందని మావారి గోల. కానీ భవానికి ఇద్దరు పిల్లలు కావాలని ఉండేది. ఇంకో కాన్పంటే ఇబ్బంది ఇంకా ముందే మొదలవ్వచ్చని డాక్టర్లు చెప్పారు. ఒక్కరితో చాలని వాళ్ళిద్దరూ నిర్ణయించుకున్నారు. ఆ రెండో బిడ్డని లేకుండా చేసినదాన్ని నేనే. ఈ మాటా రాయాలి.

ఆడపిల్లకి కడుపని తెలిసిన రోజునే బ్లడ్ గ్రూపు చూపించండి. నెగెటివ్ అయితే కడుపు పోయినా, తీయించినా, మధ్యలో రక్తం కనిపించినా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ని యాంటీ-డి గురించి అడగండి. మూడు రోజులు దాటనివ్వకండి. ఏం పోయినా పోనీ, డాక్టరు దగ్గర మాత్రం దాచకండి.

కిందటి నెల మా వీధి చివర ఒకమ్మాయికి మూడో నెల పోయింది. వాళ్ళత్తగారు గుట్టుగా నా దగ్గరకొచ్చి కషాయం ఏదైనా ఉందా అని అడిగింది. "కషాయం నా మొహం! గ్రూపేంటి?" అని అరిచాను. తెలీదంది. అప్పటికప్పుడు ఆటో పిలిచాను. భవాని పిల్లని చంకనేసుకుని తనూ ఎక్కింది. అమలాపురం ఆసుపత్రిలో పరీక్ష చేస్తే ఆ అమ్మాయిదీ నెగెటివే. ఇంజక్షన్ కోసం బల్ల మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది పాపం, తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారని. భవాని వెళ్ళి పక్కన కూర్చుంది. నాతో కూడా ఎన్నడూ ఆ సంగతెత్తని పిల్ల, అందరికీ వినబడేటట్టు, "నాకూ ఒకటి పోయిందండి. నాకీ ఇంజక్షన్ పడలేదు. మీకు పడుతోంది, ఏడవకండి" అంది.