ఆమె ఆగినా ఆగని అడుగులు

ఆ పేటలోని ఎత్తు భవనాల్లో ఆమెను అందరూ మీటరమ్మ అనేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒకటే. ప్రతి అంతస్తులో మెట్ల మలుపు దగ్గరుండే కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకుని పోవడం. అంతస్తంతస్తుకీ దిగాల్సిందే కాబట్టి లిఫ్టు ఆమెకు పనికొచ్చేది కాదు. నలభై తొమ్మిదో ఏట కూడా తొమ్మిది అంతస్తులు ఒక్క ఊపున ఎక్కేసేది. ఇంట్లో ఉండేది ఆమే, బట్టలు కుట్టే అక్కా. కాళ్ళకు మోటారు బిగించుకుని పుట్టావని అక్క వేళాకోళం ఆడేది.

ఒకరోజు పొద్దున పదింటికి ఒక భవనంలో ఐదో అంతస్తు ఎక్కుతుంటే వెనక అడుగులు వినిపించాయి. చెప్పుల్లేని కాళ్ళు గచ్చు మీద మెత్తగా, వడివడిగా పడుతున్న చప్పుడు. పాపం ఎవరికో తొందరేమో, దారి ఇద్దామని గోడవారగా ఒదిగి నిలబడింది. ఎవరూ రాలేదు. అడుగులు మాత్రం ఎక్కుతూనే ఉన్నాయి. కమ్మీ మీంచి వంగి చూసింది. కింది దాకా మెట్లు ఖాళీ. చూస్తుండగానే ఆ చప్పుడు కొంచెం కొంచెంగా నెమ్మదించింది, వెతుకుతున్న మనిషి కనబడ్డాక నడక తగ్గించినట్టు. మీటరమ్మ ఇక పైకి ఎక్కలేదు.

కిందికి పోయి కాపలాదారుకు చెప్పింది. అతను కర్ర పట్టుకుని డాబా దాకా వెతికి ఎవరూ లేరన్నాడు. మర్నాటికి కబురు భవనమంతా పాకింది. మూడో అంతస్తు పెద్దాయన, ఎవరూ అడక్కపోయినా, తనకూ ఆర్నెల్లుగా వినిపిస్తున్నాయని చెప్పుకొచ్చాడు.

అది ఆ భవనంలోని గాలో ధూళో అనుకుంటే సరిపోయేది. కానీ రెండ్రోజుల తర్వాత, నాలుగు వీధుల అవతల, ఇంకో భవనంలో, అవే అడుగులు. ఈసారి ఆమె పరుగెత్తింది. అవీ పరుగెత్తాయి. ఎనిమిదో అంతస్తులో ఆగి గోడకు వీపు ఆనించుకుంది. వెనక గోడే. అయినా చప్పుడు వెనకే ఉంది, కుడివైపు, చెవి పక్కనే.

ఇంటికి పోయినా వదల్లేదు. కూర్చుంటే తీరుబడిగా నడిచేవి, బిందె ఎత్తితే జోరందుకునేవి. అక్కకు చెబితే, ఇన్నేళ్ళకు నీ వెంట పడేవాడొకడు దొరికాడన్నమాట అని నవ్వేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మీటరమ్మ తల దువ్వుకుంటూ కుడిచెవి వెనక, మెడ మొదట్లో వేలితో నొక్కుకుంది. అడుగులు ఠక్కున ఆగిపోయాయి. వేలు తీసింది. మళ్ళీ మొదలయ్యాయి. దువ్వెన కింద పెట్టేసి అక్కను పిలిచి, తన చెవికి చెవి ఆనించి వినమంది. అక్క నవ్వుతూనే వచ్చి తల ఆనించింది. ఆ నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

“నాకూ వినిపిస్తోందే,” అంది అక్క మెల్లగా. “నీ లోపల ఎవరో నడుస్తున్నారు.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ నవ్వలేదు, భయపడనూ లేదు. చెవి వెనక స్టెతస్కోపు పెట్టి, ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుంది. నాడి నిమిషానికి డెబ్భై ఆరు. తర్వాత ఒక పీట వేసి మూడు నిమిషాలు ఎక్కి దిగమంది. నాడి నూట నలభైకి పోయింది. దానితోపాటే అడుగులూ. రెండూ ఒక్కటేనని డాక్టరమ్మకు తేలిపోయింది.

“అది మీ రక్తమేనమ్మా,” అంది. “ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి ఐదు లీటర్లు తోస్తుంది. మెట్లెక్కితే కాళ్ళ కండరాలు ఇంకా కావాలంటాయి. గుండె గబగబా కొట్టుకుని, పొట్ట వైపు పోయేదాన్ని తగ్గించి, మూడింతలు తోసి కాళ్ళకు అందిస్తుంది.”

“నేను ఆగినా అది ఆగదేం?”

“మీరు ఆగారు. వేడెక్కిన ఒళ్ళు చల్లబడాలి, కండరాలు తేరుకోవాలి. అందాకా గుండె పని అవదు. అందరికీ అంతే. కాకపోతే ఎవరికీ వినపడదు.”

ఆమెకు వినపడటానికి కారణం మర్నాటి పరీక్షలో తెలిసింది. రక్తం తెచ్చే ధమని సన్నని దారాల్లాంటి నాళాలుగా చీలి, మెల్లబడి, ఆ తర్వాతే సిరలో కలవాలి. ఆమెకు చెవి వెనక, పుర్రె లోపలి పొరలో, ధమని నేరుగా సిరలోకే తెరుచుకుంది. ఆ ఉరవడే చప్పుడు. అలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు మెదడులో నెత్తురు చిమ్మే ప్రమాదముందని డాక్టరమ్మ దాచకుండా చెప్పేసింది.

తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి ఆ దారిని మూసేశారు. పూర్తి మత్తు ఇవ్వలేదు. బల్ల మీద కదలకుండా పడుకుని మీటరమ్మ వింటూనే ఉంది. భయానికి అడుగులు వడివడిగా పడుతున్నాయి. తర్వాత పలచబడ్డాయి. ఎక్కడో దూరంగా రెండు వినిపించాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

“నేను ఉన్నానా?” అని అడిగింది.

“ఉన్నారు. కదలకండి,” అన్నాడు గొట్టం నడిపే డాక్టరు.

రెండు నెలల తర్వాత, డాక్టరమ్మ సరేనన్నాక, మళ్ళీ పనిలో చేరింది. మొదటిరోజు నాలుగో అంతస్తులో ఆగింది. వెనక నిశ్శబ్దం. అడుగులున్నప్పటికన్నా ఎక్కువ భయం వేసింది. మెట్టు మీదే కూర్చుని మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకుంది. నాడి టకటకా కొట్టుకుంటోంది. అది నెమ్మదించేదాకా అలాగే కూర్చుని, లేచి ఐదో అంతస్తుకు ఎక్కింది. ఆ ఉద్యోగం మరో తొమ్మిదేళ్ళు చేసింది. చప్పుడు తిరిగి రాలేదు.

ఒక అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఎవరు ఎదురైనా ముందు వాళ్ళ మెడ వైపు చూస్తుంది. మొన్నొకసారి బస్సు వెంట పరుగెత్తి ఎక్కినాయన ఆమె పక్కనే కూర్చుని, ఫోనులో ఎవరితోనో పెళ్ళిచూపుల సంగతి మాట్లాడుతున్నాడు. గొంతు పక్కన చర్మం కింద నాడి అదేపనిగా ఎగిరెగిరి పడుతోంది. ఆయన గమనించనేలేదు. అది నిదానించేదాకా చూస్తూ కూర్చుని, మీటరమ్మ తాను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.