పెద్దత్త లేనప్పుడూ లేచిన తలుపు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు భయం వేయదు, నవ్వూ రాదు. ఒళ్లు మండుతుంది. బడిలో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని. గాలి సోకిందని, ఎవరో ఏదో చేశారని పిల్లల్ని బడి మాన్పించి తాయెత్తులు కట్టించే తల్లిదండ్రులతో ఉద్యోగమున్నన్నాళ్లూ కొట్లాడాను. అలాంటి నేనే ఈ సంగతి రాస్తున్నాను. దీన్ని దయ్యం కథ అనుకునేవాళ్లు అనుకోండి. నాకు మాత్రం ఇది మా పెద్దత్తకు జరిగిన అన్యాయం.

మాది బెల్లంపల్లి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి ఇది. బొగ్గు గనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే కర్రలను మా బాపు అడవి నుంచి తెప్పించి సప్లై చేసేవాడు. హైదరాబాదుకు బదిలీ అయిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత కారు కొన్నాడు. మా వాడకట్టులో అదే మొదటి కారు. దానికోసం ఇంటి పక్కన రాతిగోడలతో షెడ్డు కట్టించి, కర్రల వ్యాపారి కదా, రెండు టేకు తలుపులు పెట్టించాడు. ఒక్కో తలుపు తోయాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి.

ఆ తలుపులు తీసేది మాత్రం మా పెద్దత్త. బాపుకు అక్క. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే అత్తగారింటివాళ్లు వెళ్లగొట్టారు. అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంది. షెడ్డును ఆనుకున్న చిన్న గది ఆమెది. హారన్ వినపడగానే చేతిలో ఏ పనున్నా వదిలేసి పరుగెత్తేది. బాపు స్టీరింగ్ ముందు దర్జాగా కూర్చునేవాడు, ఆమె భుజం పెట్టి తలుపు తోసేది. ఇందులో తప్పేమిటో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఒక వానాకాలం గాలిదుమారానికి తలుపు వెనక్కి విసురుగా వచ్చి ఆమె కుడిభుజానికి కొట్టింది. కట్టు కట్టించారు, నూనె రాశారు. ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. అప్పుడు గానీ మా బాపుకు తలుపు మార్చాలన్న బుద్ధి పుట్టలేదు.

ఏ తలుపు పెట్టాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చే అయింది. కరీంనగర్‌లో బట్టల దుకాణాలకు ఉండే చుట్టుకునే ఇనుప షట్టరు బాపుకు నచ్చింది. చూసేవాళ్లకు గొప్పగా ఉంటుందని. దాన్ని పైకి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలని మా అవ్వ, అంటే మా అమ్మ, గుర్తుచేసింది. పట్టాల మీద పక్కకు జరిగే తలుపు ఇంకొకటి. వానాకాలం బురద పట్టాల్లో చేరితే అది కదలదు. మూడోది కొమురయ్య చెప్పాడు. గని వర్క్‌షాపులో ఫిట్టరు, బాపుకు దోస్తు. ఒకే తలుపు, పెట్టె మూతలాగా పైకి లేస్తుంది. దానికి ఇనుప తాడు కట్టి గిరక మీదుగా వెనక్కి తెచ్చి, రెండో కొసకు ఇనుప దిమ్మ వేలాడదీస్తారు. కింద కొండి తీసి పిడి కొంచెం లాగితే దిమ్మ కిందికి దిగుతుంది, తలుపు పైకి పోతుంది.

మా బావి గిరకకు ఒక వైపు రాయి, ఇంకో వైపు నీళ్ల బొక్కెన కట్టి కొమురయ్య చూపించాడు. పెద్దత్త ఎడమచేత్తో తాడు లాగి చూసింది. బొక్కెన అలవోకగా లేచింది. ఆమె ముఖం వెలిగిపోవడం నాకింకా గుర్తుంది.

"గిదే పెట్టు తమ్మీ. ఒక్క చేత్తోటి గుంజుకుంట. ఎవరిమీద ఆధారపడే పనుండది" అంది.

ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి ఇది కావాలని అడిగింది అదొక్కటే. తర్వాత అదే ఆమె మెడకు చుట్టుకుంది.

గనుల్లో కొత్త మిషను ఏది ఎక్కించినా పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టనిదే మొదలుపెట్టరు. తలుపు బిగించిన రోజు కొమురయ్య కూడా అట్లాగే చేశాడు. అవ్వ కుంకుమ భరిణె తెచ్చిచ్చింది. అతను ఇనుప దిమ్మకు పసుపు పూసి బొట్టు పెట్టాడు. భర్త పోయిన మనిషి ఎదురుగా ఉండకూడదని పెద్దత్త తనంతట తానే షెడ్డు వెనక్కి పోయి నిలబడింది. ఆ దిమ్మను ఆమె ముట్టలేదు. నేను అక్కడే ఉన్నాను, కళ్లారా చూశాను.

ఆ ఎండాకాలం మొదలైంది అసలు సంగతి.

మధ్యాహ్నం పూట అవ్వ, పెద్దత్త, నేను పెరట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. షెడ్డులో గిరక కిర్రుమన్న చప్పుడు. వెళ్లి చూస్తే తలుపు పూర్తిగా లేచి ఉంది. లోపల ఎవరూ లేరు. కొండి పక్కకు తీసి ఉంది. కాసేపటికి కారు వచ్చింది. బాపు సంబరపడిపోయాడు, తన రాక కనిపెట్టి అక్క ముందే తీసిందని. మేము కాదంటే నమ్మలేదు.

ఇక తరచూ అట్లాగే. బాపు అడవి నుంచి వచ్చే వేళకు ఒక పద్ధతి ఉండేది కాదు. పొద్దున వచ్చేవాడు, సాయంత్రం వచ్చేవాడు, ఒక్కోసారి పోయిన కాసేపటికే తిరిగొచ్చేవాడు. ఎప్పుడొచ్చినా, కారు రైల్వే గేటు దాటకముందే తలుపు లేచేది. అక్కడ హారన్ కొట్టినా మా ఇంటికి వినపడదు.

కొమురయ్యను పిలిచారు. దిమ్మ బరువు ఎక్కువైందేమోనని కొన్ని ఇనుప ముక్కలు తీసేశాడు. తలుపే బరువైంది. ఇప్పుడు మనిషి లాగాలన్నా కష్టం. అయినా లేచింది. తర్వాత బాపు కొండికి, గోడలోని రింగుకు కలిపి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని అడవికి పోయాడు. ఆ సాయంత్రం కూడా తలుపు లేచింది. తాళం వేసింది వేసినట్టే రింగుకు వేలాడుతోంది. కొండి మాత్రం దాంట్లో లేదు. తాళం తీయనిదే కొండి రాదు. నేనే ఎన్నిసార్లో లాగి చూశాను.

నాకు భయం వేయలేదంటే అబద్ధమే. కానీ ఆ భయం కొద్ది రోజులే. తర్వాత జరిగినదానికి వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

పక్కింటి సత్తెమ్మ మనుమడికి జ్వరం వచ్చి తగ్గలేదు. ఆమె ఏదో పనికి మా ఇంటికొచ్చి షెడ్డులోకి తొంగిచూసింది. ఇనుప దిమ్మ మీద పసుపు, కుంకుమ కనిపించాయి. అంతే. సాయంత్రానికల్లా వాడకట్టంతా ఒకే మాట: మా పెద్దత్త బాణామతి చేస్తోంది, పిల్లవాడి జ్వరం ఆ చేతబడి వల్లనే. విధవకు కుంకుమతో పనేమిటి? ఆ తలుపే కావాలని ఎందుకు పట్టుబట్టింది? షెడ్డు పక్క గదిలోనే ఎందుకుంటుంది? ఆ గది ఆమె ఎంచుకున్నదా! మేమే కదా అక్కడ పడుకోమన్నది!

కొమురయ్య వచ్చి నలుగురిలో గట్టిగానే చెప్పాడు.

"పసుపు నేను పూసిన. ఆమెకేం సంబంధం లేదు. మీకు జర బుద్ధున్నదా?"

ఆమెను కాపాడడానికి అబద్ధమాడుతున్నాడన్నారు. కుంకుమ భరిణె నేనే ఇచ్చానని అవ్వ చెబితే ఆడబిడ్డను వెనకేసుకొస్తోందన్నారు. నేను చూశానంటే, చిన్నపిల్లవు నీకేం తెలుసని కసురుకున్నారు. ఇంతమంది చూసినదానికి విలువ లేదు, తొంగిచూసిన ఒక్క మనిషి మాట మాత్రం వేదం!

బాణామతి పేరు పడితే ఏమవుతుందో మా ప్రాంతంలో అందరికీ తెలుసు. అట్లాంటి ఆడవాళ్లను కట్టేసి కొట్టేవాళ్లు. మంత్రం పలకకుండా రాయితో పళ్లు ఊడగొట్టేవాళ్లు. మా ఇంటి ముందు మగవాళ్లు గుంపులుగా నిలబడడం మొదలైంది. పెద్దత్త నీళ్లకు బయటికి పోవడం మానేసింది.

ఒకరోజు బాపు ఆమె గది గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అక్కా, నిజం చెప్పు. నువ్వేమన్న చేస్తున్నవా?"

పెద్దత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"నాకేం తెల్వది తమ్మీ. నీ బిడ్డ మీద ఒట్టు" అని నా తల మీద చెయ్యి పెట్టింది.

బాపు తల తిప్పుకున్నాడు. కొన్నాళ్లు ఆసిఫాబాద్ దిక్కు, ఆమె మరిది ఊళ్లో ఉండి రమ్మన్నాడు. ఒకప్పుడు ఆమెను వెళ్లగొట్టిన ఇంటికే. వాడకట్టువాళ్ల నుంచి కాపాడడానికే అన్నాడు. కావచ్చు. కానీ ఏ కారు కోసం ఆమె చెయ్యి పోగొట్టుకుందో ఆ కారులోనైనా దించి రాలేదు. మూట చేతికిచ్చి రైలెక్కించాడు.

ఆమె పోయిన తర్వాత కొన్ని రోజులు తలుపు లేవలేదు. చూశారా, మేం చెప్పలేదా అని వాడకట్టంతా తలలూపింది. బాపు కూడా ఊపాడు. అది చూసి నేను రెండు పూటలు అన్నం తినలేదు.

తర్వాత ఒక సాయంత్రం గిరక మళ్లీ కిర్రుమంది. తలుపు లేచింది. బాపు వచ్చాడు. మర్నాడూ అంతే.

ఇప్పుడేమంటారు? నేనే సత్తెమ్మ దగ్గరికి పరుగెత్తి అడిగాను.

"మిషన్ గదా బిడ్డా, యాడనో లూజైంటది" అంది తాపీగా.

పెద్దత్త ఉంటే బాణామతి! లేకపోతే మిషను లూజు! ఆ సత్తెమ్మ మనుమడు వాకిట్లో గోలీలాడుతున్నాడు. జ్వరం ఎప్పుడో తగ్గింది.

ఆ రాత్రి అవ్వ అన్నం వడ్డిస్తూ, ముఖం ఎత్తకుండానే అంది.

"పొద్దుగాల పోయి వదినెను తోలుకరా. లేకుంటే నేను పోయి ఆడనే ఉంట."

తెల్లారి బాపు, నేను కారులో వెళ్లాం. పెద్దత్త మరిది ఇంటి పశువుల కొట్టం పక్కన కూర్చుని ఎడమచేత్తో పత్తికాయల్లోంచి పత్తి తీస్తోంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వి దగ్గరికి తీసుకుంది.

బాపు నిలబడే చెప్పాడు. "అక్కా, నువ్వు లేకున్నా తలుపు లేస్తున్నది. నీ తప్పేం లేదని అందరికీ ఎరుకైంది. నడువు, ఇంటికి పోదాం."

పెద్దత్త చేతిలో పని ఆపలేదు.

"బిడ్డ నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేసిన్నాడు నమ్మకపోతివి. ఇయ్యాల తలుపు చెప్తే నమ్మినవా తమ్మీ?"

బాపు ఆమె మూట కోసం కొట్టంలోకి చూశాడు.

"ఇక్కడోళ్లు నన్ను పరాయిదానిగ చూస్తరు. పరాయోళ్లే గనుక బాధనిపియ్యది. నువ్వు పైలంగ పోయిరా" అంది.

బాపు కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. నేనెంత ఏడ్చినా రాలేదు.

మేం తిరిగొచ్చేసరికి తలుపు లేచి ఉంది. అవ్వ ఎదురొచ్చి, ఎవరూ ముట్టలేదని చెప్పింది. బాపు ఆ తెరిచిన షెడ్డు ముందు ఇంజను ఆపి దిగాడు. కారు లోపల పెట్టలేదు. ఆ రోజే కాదు, మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. ఎండకు ఎండి, వానకు తడిసి అది ఇంటి ముందు బజార్లోనే తుప్పు పట్టింది.

తాడు, గిరక, దిమ్మ ఎలా పనిచేస్తాయో ఎన్నో తరగతుల పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. వేసిన తాళంలోంచి కొండి ఎట్లా వచ్చిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

ఈ సంగతి ఎక్కడ చెప్పినా అందరూ ఒక్కటే అడుగుతారు, ఇంతకీ ఆ తలుపు ఎవరు తెరిచారని. పెద్దత్త ఏమైందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను. ఆమె ఆ పశువుల కొట్టం పక్కనే కన్నుమూసింది. కబురు మాకు మూడోనాడు అందింది.