ఐదేళ్లు నిండనివ్వని మనిషి

ఆ మనిషి పేరు నా డైరీలో ఎక్కడా రాయలేదు. రాస్తే మర్యాద చేసినట్టవుతుందని. మా బాపును అన్నా అంటాడు కాబట్టి మేమంతా అతన్ని కాక అంటాం. మాలాగే తెలంగాణ నుంచి ఈ బట్టల మిల్లుల ఊరికి వచ్చి లింబాయత్‌ పేటలో స్థిరపడి, పాండేసరలోని బట్టలకు రంగులేసే ఒక మిల్లుకు పనివాళ్లను పెట్టే కాంట్రాక్టరయ్యాడు.

దీపావళి సెలవుల తర్వాత లాభ్ పంచమి నాడు ఇక్కడ దుకాణాలూ మిల్లులూ మళ్లీ తెరుస్తారు. రెండు మూడేళ్లకోసారి ఆ రోజున కాక కొత్త కంపెనీకి పూజ చేసేవాడు. ఒకసారి తన పేరుతో, ఇంకోసారి భార్య పేరుతో, తర్వాత బావమరిది పేరుతో. పనివాళ్లందరికీ కొత్త కంపెనీ పేరూ పీఎఫ్ నంబరూ ఉన్న కార్డు, పేడా మిఠాయిల డబ్బా. బాపు ఆ కార్డుకు పసుపు కుంకుమ పెట్టి దేవుడి పటం వెనక దాచేవాడు. "మనోడు ఎదుగుతుండు" అని మురిసిపోయేవాడు. మిల్లు అదే, రంగు తొట్టి అదే, పేరే కొత్తది.

పోయిన ఏడు మిల్లు ఒక షిఫ్టు మూసేసింది. బాపు పని పోయింది. పీఎఫ్ డబ్బుతో రెండు కుట్టుమిషన్లు కొని, అమ్మా తనూ ఇంట్లోనే చీరలకు లేసులు కుట్టాలనుకున్నారు. పన్ను కోత పడి డబ్బు వచ్చింది. మిషను ఒక్కటే వచ్చింది.

కాలేజీ లైబ్రరీలో పన్నుల పుస్తకం తీసి చదివాను. ఐదేళ్లు ఆగకుండా పనిచేసినవాడి పీఎఫ్‌కు పన్ను లేదు. కంపెనీ మారినా పాత ఖాతాను కొత్తదానిలో కలిపితే ఆ ఏళ్లూ లెక్కకు వస్తాయి. కాక ఎవరివీ కలపనివ్వలేదు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ కట్టాలని అతని భయం. పని మూతపడి తీసేసినవాడికీ ఆ పన్ను లేదు. కానీ మిల్లు పొమ్మన్న బాపు తనంతట తానే మానేశాడని కాక కంప్యూటర్లో ఎక్కించాడు.

పని పోయినవాడికి వచ్చిన డబ్బును ఆదాయమని ఎలా అంటారు? అది ఎప్పుడో పడ్డ కష్టం, ఆలస్యంగా చేతికొచ్చింది. ఆ చట్టం రాసినవాళ్ల మీదా నాకు కోపమే. కానీ వాళ్లు నా చేతికి అందరు. కాక అందుతాడు.

రిటర్ను వేస్తే పన్ను తిరిగి రావచ్చు. వేశాను. నాకది చాలలేదు. బాపును వెంటబెట్టుకుని అతని ఆఫీసుకు వెళ్లి, పాత ఖాతాలు కలపమని మెల్లగా అడిగాను.

"ఏంది బిడ్డా, ఎన్నడు నోరిప్పనిదానివి, వకీలువైనవా?" అని నవ్వాడు కాక. అక్కడున్న పనివాళ్ల వైపు తిరిగి, "ట్యాక్స్ కట్టెటోడంటే సేఠే గదరా! అన్నకు శాలువ తెండ్రి" అన్నాడు.

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. కాకను నేను క్షమించనిది ఆ నవ్వు కోసమే.

కొత్తవాళ్లతో మాట్లాడడం నాకు చేతకాదు. అయినా గల్లీలో ఇల్లిల్లూ తిరిగాను. బాపు ఒక్కడే కాదు, అందరూ ఆ కార్డులను దేవుడి దగ్గరే దాచారు. ఒక్కటీ పోలేదు. అన్నీ జతచేసి పీఎఫ్ ఆఫీసులో, లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. కాకకు నోటీసులు వెళ్లాయి.

ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. అమ్మ కుట్టడం ఆపలేదు.

"వదినా, జర నీ బిడ్డకు చెప్పు. ఒక్క ఊరోళ్లం, గిట్ల చేస్తరా?"

"పోనీ తియ్యి బిడ్డా, మనోడే గదా" అన్నాడు బాపు.

"అందరి ఖాతాలు కలుపు కాకా. గ్రాట్యుటీ కట్టు. గప్పుడు మాట్లాడుదం" అన్నాను.

"గంత కడితే నేను మునుగుత బిడ్డా!"

"మునుగు కాకా."

చెప్పులు వేసుకుంటూ రెండుసార్లు వెనక్కి చూశాడు, ఎవరైనా పిలుస్తారేమోనని. విచారణ వచ్చే నెల. ఈలోపు కులపెద్దలు వచ్చి దయ చూపమంటున్నారు. కూర్చోమంటాను, చాయ్ ఇస్తాను. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోను.